పదకొండో మనిషి

దుప్పటికి నాలుగు మూలలు. రెండు పిన్ని చేతుల్లో, రెండు మడతలమ్మ చేతుల్లో. ఇద్దరూ చెరో వైపు వెనక్కి నడిచి, గుడ్డను బిగలాగి, ఒక్క విదిలింపు విదిల్చి, మళ్ళీ ఎదురెదురుగా వచ్చి చేతులు కలిపేవాళ్ళు. కలిసిన చోట మడతలమ్మ తన మూలలు పిన్ని చేతికిచ్చి, కిందికి వంగి మడత అంచు అందుకునేది. ఆ వంగడంలో ఏదో ఒక మాట అనకుండా ఉండేది కాదు. ఆస్పత్రి దుప్పట్ల మీదో, హోటల్లో దిగినవాళ్ళ మీదో, ఏమీ దొరక్కపోతే తన కాళ్ళ మీదో. "ఈ మోకాళ్ళు నావి కావు పిన్నీ. ఎవరో ఉతకడానికేసి మర్చిపోయారు" అనేది.

ఆ మధ్యాహ్నం ఆమె వంగకముందే లాండ్రీ యజమాని వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. యజమాని అంటే పిన్నికి బావగారే, పోయిన భర్తకు స్వయానా అన్న. ఆయన కూతురు చిన్నప్పుడు ఈమెను పిన్నీ పిన్నీ అని పిలుస్తుంటే విని లాండ్రీలో అందరి నోటికీ అదే పట్టింది. ఆ పిల్ల పెళ్ళయి వెళ్ళిపోయింది. పిలుపు మాత్రం ఉండిపోయింది. చివరికి ఆమెకన్నా ఎంతో పెద్దదైన మడతలమ్మ కూడా అలాగే పిలిచేది.

"రేపట్నుంచి నువ్వు రావద్దమ్మా," అన్నాడు బావగారు మడతలమ్మతో.

వెనక ఉతికే డ్రమ్ములు రెండూ తిరుగుతున్నాయి. ఆమెకు వినపడలేదు. "ఏంటి బాబూ?" అంది మెడ ముందుకు చాపి.

ఆయన గొంతు పెంచాడు. సరిగ్గా అప్పుడే ఒక డ్రమ్ము ఆగింది, దాని వెనకే రెండోదీ ఆగింది. "రేపట్నుంచి రావద్దంటున్నా!" అన్న మాట లాండ్రీ అంతా మోగింది. ఆ మోతకి ఆయనే ఉలిక్కిపడ్డాడు.

ఇస్త్రీ రోలరు దగ్గరి అమ్మాయి చెయ్యి ఆపింది. డ్రమ్ముల దగ్గర పనిచేసే గొణుగుడాయన గొణగడం మానేశాడు. బాయిలరు గదిలోంచి బాయిలరాయన తల బయటికి వచ్చింది.

"నా మడత వంకర పోతోందా?" అంది మడతలమ్మ.

"పని సంగతి కాదు. చట్టం వచ్చింది కదా. నా చేతుల్లో లేదు."

"చట్టంలో నా పేరు రాశారా ఏంటి బాబూ?"

ఎవరో ఫక్కుమని నవ్వి, నవ్వకూడదని గుర్తొచ్చి ఆపుకున్నారు. బావగారు నేల చూపులు చూస్తూ, "మడతల బల్ల దగ్గర ఎలాగూ ఇంటి మనిషి ఉందిగా, చూసుకుంటుంది," అన్నాడు. ఇంటి మనిషి అంటే పిన్ని. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన ఆమె వైపు చూడలేదు. తమ్ముడి భార్యతో ఆయన ముఖాముఖి మాట్లాడి ఎరగడు. ఏది చెప్పాలన్నా భార్యతో చెప్పించేవాడు, ఎవరూ లేకపోతే గోడతో చెప్పేవాడు. ఆమె కూడా అంతే.

"చేతిలో ఉన్నది మడిచి పోతాను," అంది మడతలమ్మ. మడిచింది. అంచులు సరిచూసి దొంతర మీద పెట్టింది. నడుముకు కట్టుకున్న పని గుడ్డ విప్పి దాన్ని కూడా నాలుగు మడతలు వేసి బల్ల మీద ఉంచింది. పిన్ని ఏదో అనాలనుకుంది. ఈలోపు మడతలమ్మే ఆమె భుజం తట్టి, "రోలరు వేడి తగ్గించమను, అంచులు మాడుతున్నాయి," అని చెప్పి వెళ్ళిపోయింది.

చట్టం సంగతి అందరికీ తెలిసిందే. ఎన్నికలయి కొత్త ప్రభుత్వం వచ్చాక ముందు బ్యాంకులు తీసుకున్నారు, తర్వాత మిల్లులు, బస్సులు, పెద్ద పెద్ద హోటళ్ళు. ఇప్పుడు చిన్నవాటి వంతు వచ్చింది. పది మందికి మించి పనిచేసే చోటు ఏదైనా సరే, అక్కడ పనిచేసేవాళ్ళందరి ఉమ్మడి సొత్తు. పది, అంతకులోపు అయితే యజమానిదే. లాండ్రీలో జీతగాళ్ళు పదకొండు మంది. గురువారం లెక్క చూడటానికి మనిషి వస్తుందని కబురొచ్చింది. మడతలమ్మను సోమవారం తీసేశారు.

మర్నాడు పిన్ని ఒక్కతే మడిచింది. దుప్పటి రెండు మూలలు బల్ల అంచుకు క్లిప్పులతో బిగించి, మిగతా రెండూ పట్టుకుని వెనక్కి నడిచి, విదిల్చి, ముందుకొచ్చి, పై అంచు గడ్డం కింద నొక్కిపట్టి, కింది అంచు కోసం తడుముకుంది. గడ్డం కింద పట్టిన చోట గుడ్డ చెమ్మగిల్లి మరక పడుతోంది. అలాంటివి మళ్ళీ ఉతుక్కే వెళ్ళాలి. పది మడిస్తే రెండు వెనక్కి పోయాయి. మధ్యాహ్నానికి ఆస్పత్రి దుప్పట్లు బల్ల మీద చాలక నేల మీద బట్టల బుట్టల్లో గుట్టలు పడ్డాయి. వ్యాను తోలే అతను రెండుసార్లు వచ్చి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ వెళ్ళి బండిలో కూర్చున్నాడు.

బాయిలరాయన నూలు పీచుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. కనుబొమలు ఎప్పుడో ఆవిరికి కమిలిపోయి, మళ్ళీ మొలవని ముఖం ఆయనది. దాంతో ఆయన ఏం చెప్పినా ఆశ్చర్యంగా చెబుతున్నట్టే ఉంటుంది.

"ఒక్కరే ఎంతకాలం మడుస్తారు పిన్నిగారూ?"

"మడిచినంతకాలం."

"ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. ఇక్కడ మీరెవరు?"

పిన్ని గడ్డం కింది దుప్పటి జారిపోయింది. "అదేం ప్రశ్న?"

"ఎల్లుండి వచ్చే ఆవిడ అడిగేది అదే. యూనియన్ ఆఫీసులో కనుక్కున్నాను. ఇంటివాళ్ళు సాయం చేస్తే లెక్కలోకి రారట. కానీ వాళ్ళంతట వాళ్ళు, నేనూ పనిమనిషినే అని చెప్పుకుంటే వస్తారట. మిమ్మల్ని మేమెవరమూ లెక్కపెట్టకూడదు, మీ బావగారు తీసెయ్యకూడదు. మీ నోటి మాటే. మీరు చెప్పుకుంటే పదకొండు."

"చెప్పుకోకపోతే?"

"పది. అప్పుడు అంతా ఎప్పట్లాగే." ఆయన కొంచెం ఆగి, "మడతలమ్మ లేకుండా," అన్నాడు.

పిన్ని కింద పడ్డ దుప్పటి తీసి, దుమ్ము అంటిందేమోనని వెలుగుకేసి చూసింది. "చెప్పుకుంటే ఆవిడను మళ్ళీ తెస్తారా?"

"మొట్టమొదటి పని అదే. నా మాట."

"నేనేమీ చెప్పలేదు మీకు."

"మీరేమీ చెప్పలేదు," అని ఒప్పుకుని ఆయన వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గొణుగుడాయన వైపు చూసి నవ్వనే నవ్వాడు. సాయంత్రానికల్లా లాండ్రీ అంతా పిన్నిని కొత్తగా చూడటం మొదలుపెట్టింది. రోలరు అమ్మాయి తన స్టూలు తెచ్చి వేసింది. చేతులు కడుక్కోవడానికి ఎవరో వేడినీళ్ళు తోడిపెట్టారు. ఎప్పుడూ లేని ఈ మర్యాదకి ఆమెకు ముళ్ళ మీద కూర్చున్నట్టయింది. వీళ్ళకు తను కావాలా, తన నోటి మాట కావాలా?

లాండ్రీ మీదే ఇల్లు. ఆ సాయంత్రం ఆమె పైకి వెళ్ళేసరికి తోడికోడలు కంచాలు పెట్టి ఉంచింది. మామూలుగా పిన్ని కిందినుంచి వచ్చి, చెయ్యి కడుక్కుని వంటింట్లోకి వెళ్ళి, అందరికీ వడ్డించాక తిని, గిన్నెలు తోమి పడుకునేది.

"కూర్చో. ఇవాళ నేను వడ్డిస్తాను," అంది అక్క.

"ఎందుకక్కా, నేను..."

"కూర్చోమంటున్నానా? పొద్దున్నుంచీ నిలబడే ఉన్నావు."

బావగారు అప్పటికే కూర్చుని ఉన్నాడు. బట్టలుతికే సోడా నీళ్ళలో నానీ నానీ పగిలిపోయిన అరచేతులు ఆయనవి. ఎంత కడిగినా ఆ పగుళ్ళలో తెల్లటి గీతలు పోవు. పనివాళ్ళను పెట్టుకున్నాక కూడా సోడా కలిపేది ఆయనే, వేరేవాళ్ళను నమ్మడు. ఆ కష్టం అబద్ధమని ఎవరూ అనలేరు.

ఆయన భార్య వైపు తిరిగి, పిన్నికి వినపడేలా అన్నాడు. "బాయిలరువాడు ఏదో మంతనాలు ఆడుతున్నాడట."

"ఆడనివ్వండి. మన పిల్ల వాడి మాట వింటుందా?" అంది అక్క కూర వడ్డిస్తూ. తర్వాత ఇటు తిరిగి గొంతు తగ్గించింది. "చూడమ్మా. ఎల్లుండి ఆవిడ అడిగితే నువ్వు ఏమంటావో నాకు తెలుసు. కానీ ఒక్క మాట. నలుగురిలో నిలబడి నేను పనిమనిషిని అని నీ నోటితో నువ్వే చెప్పుకుంటావా? నిన్ను ఈ ఇంట్లో అలా చూశామా? మేం తిన్నదే తిన్నావు, మేం కట్టిందే కట్టావు. పోయినాయన మొహం చూసైనా..."

"ఇది వాడి చెమట కూడా," అన్నాడు బావగారు కంచంలోకి చూస్తూ. "మొదటి డ్రమ్ము నేనూ వాడూ కలిసి భుజాల మీద మోసుకొచ్చాం. వాడి వాటా ఇందులో ఉంది. దాన్ని తీసుకెళ్ళి దారినపోయేవాళ్ళ చేతుల్లో పెట్టమంటుందేమో కనుక్కో."

పిన్ని ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపింది. వాటా. ఆయన పోయి ఇన్నేళ్ళయింది. ఆ మాట ఈ ఇంట్లో ఎవరి నోటా వినలేదు. ఆమె చెప్పులు తెగిపోతే కొనడానికి కూడా అక్కను అడగాల్సిందే, అక్క ఆయన్ను అడగాల్సిందే. అడిగితే లేదనలేదు, నిజమే. అడిగేదాకా ఇవ్వనూ లేదు. ఇన్నాళ్ళూ ఎక్కడున్న వాటా ఇవాళ ఒక్కసారిగా కంచంలో వడ్డించారు!

అలాగని ఆయన చెప్పింది అబద్ధం కాదు. డ్రమ్ము మోసుకొచ్చిన రోజు ఆమెకు తెలుసు. భర్త భుజం వాచిపోతే వేడి ఉప్పు మూటతో కాపడం పెట్టింది తనే.

"వింటున్నావా?" అంది అక్క.

"వింటున్నాను," అంది పిన్ని. గిన్నెలు తోమబోతే అక్క వద్దంది. చేతులకు ఏం పని చెప్పాలో తెలియక ఆమె కిటికీ దగ్గర నిలబడి, కింద ఆరని బట్టల్ని చూస్తూ ఉండిపోయింది.

గురువారం లెక్కలావిడ రానే వచ్చింది. భుజాన సంచీ, ముఖం నిండా అలసట. ఆ వీధిలో అప్పటికే మూడు చోట్లకు వెళ్ళొచ్చిందట. మంచినీళ్ళు అడిగి తాగి, "డ్రమ్ములు కాసేపు ఆపండి, గొంతు పోతోంది," అంది. డ్రమ్ములు ఆగాక లాండ్రీలో నీటి చుక్కలు కారుతున్న చప్పుడు కూడా వినపడింది.

"ఎంతమంది పనిచేస్తారు మీ దగ్గర?"

"పది మంది," అన్నాడు బావగారు.

"ఆ గోడ దగ్గర నిలబడమనండి. ఇంటివాళ్ళు ఇటు, మెట్ల దగ్గరికి రండి."

పనివాళ్ళు డ్రమ్ముల పక్క గోడ దగ్గరికి వెళ్ళి వరసగా నిలబడ్డారు. బావగారు, అక్క మెట్ల దగ్గర నిలబడ్డారు. మధ్యలో మడతల బల్ల. బల్ల దగ్గర పిన్ని. చేతిలో సగం మడిచిన దుప్పటి ఉంది. దాన్ని కింద పెట్టాలో, మడత పూర్తి చెయ్యాలో ఆమెకు తోచలేదు.

లెక్కలావిడ పది మందినీ వేలితో లెక్కపెట్టి, పిన్ని వైపు తిరిగింది. "ఈమె?"

"మా తమ్ముడి భార్య. ఇంటి మనిషి," అన్నాడు బావగారు. అంతటితో ఆపితే ఏమయ్యేదో తెలియదు. కంగారులో ఇంకో మాట జోడించాడు. "పైన ఒక్కతే ఏం తోస్తుంది? పొద్దుపోక కిందికి వస్తుంటుంది."

పిన్ని చేతిలోని దుప్పటి వైపు చూసింది. గడ్డం కింద రుద్దుకుపోయి రెండు రోజులుగా మండుతోంది. రాత్రి నూనె రాసుకుంది. పొద్దుపోక.

"ఆమెనే చెప్పనివ్వండి," అంది లెక్కలావిడ. "ఏమ్మా, మీరెటు?"

అక్క మెట్ల కమ్మీ పట్టుకుంది. గోడ దగ్గర బాయిలరాయన కళ్ళు మూసుకున్నాడు. రోలరు అమ్మాయి కొంగు చివర నోట్లో కుక్కుకుంది. అందరి ఊపిరీ తన మీదే ఉన్నట్టనిపించింది పిన్నికి. మెట్ల దగ్గరికి నాలుగడుగులు, గోడ దగ్గరికి కాస్త ఎక్కువ. మెట్ల దగ్గరికి వెళ్తే రేపు పొద్దున కూడా ఇదే బల్ల, ఇవే క్లిప్పులు. గోడ దగ్గరికి వెళ్తే పొద్దున ఏముంటుందో తెలియదు. ఈ రాత్రి పడుకోవడానికి మాత్రం పైకే వెళ్ళాలి.

ఆమె దుప్పటి మడత పూర్తి చేసి బల్ల మీద పెట్టింది.

"పొద్దుపోక కాదు," అంది. ఆ మాట సగమే బయటికి వచ్చింది. గోడ దగ్గరికి నడిచి రోలరు అమ్మాయి పక్కన నిలబడి, మళ్ళీ అంది. "పొద్దుపోక కాదండీ. పనిచేస్తాను."

"ఎవరైనా ఇలా చెప్పమని బలవంతం చేశారా?"

"ఇటు చెప్పమన్నవాళ్ళూ ఉన్నారు, అటు చెప్పమన్నవాళ్ళూ ఉన్నారు. బలవంతం మాత్రం లేదు."

లెక్కలావిడ ముఖంలో మొదటిసారి నవ్వులాంటిది కనిపించింది. "పదకొండు," అంది.

ఒక్కసారిగా గోల లేచింది. గొణుగుడాయన అందరికీ వినపడేలా ఏదో అరిచాడు. అంత గొంతు ఆయనకుందని ఎవరికీ తెలియదు. బాయిలరాయన పరుగెత్తి వెళ్ళి ఆవిరి కూత వేశాడు. కూత ఆగదే! ఆవిరి వృథా అవుతుంటే బావగారు అలవాటు కొద్దీ అటు రెండడుగులు వేసి, కేకెయ్యడానికి నోరు తెరిచి, తెరిచిన నోటితో అలాగే నిలబడిపోయాడు. పిన్ని ఆయన్నే చూస్తోంది. చుట్టూ అందరూ ఆమె చేతులు పట్టుకుని ఊపుతున్నారు.

పైకి వెళ్తుంటే మెట్ల మొదట్లో అక్క అడ్డంగా నిలబడింది. ఏడ్చినట్టుంది, ముక్కు ఎర్రగా ఉంది.

"పనివాళ్ళు వెనక మెట్ల మీంచి వస్తారు," అంది.

పిన్ని చుట్టూ తిరిగి, బొగ్గు బస్తాల పక్కనుంచి, వెనక మెట్లెక్కి తన గదికి వెళ్ళింది. ఆ రోజు నుంచి తన వంట తనే వేరుగా వండుకుంది. అక్క వంటింట్లోంచి గిన్నెల చప్పుడు కావాలని పెద్దగా వినిపించేది. అన్నేళ్ళూ ఆ గిన్నెలు తోమింది తనే కాబట్టి, చప్పుడును బట్టి ఏ గిన్నో కూడా తెలిసేది.

కొత్త ఏలుబడి మొదలైంది. బాయిలరాయన్ను అందరూ తమ పెద్దగా ఎన్నుకున్నారు. పాత యజమాని కూడా పనిచేస్తానంటే అందరిలో ఒకడుగా ఉండొచ్చునని చట్టంలో ఉంది. ఆయన వస్తాడని ఎవరూ అనుకోలేదు. మొదటి రోజు పొద్దున్నే చొక్కా చేతులు మడుచుకుని దిగి వచ్చాడు. "నన్నెక్కడ ఉండమంటావు?" అని బాయిలరాయన్ను అడిగాడు. బాయిలరాయన లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ లేచి, "మీ ఇష్టం సార్," అన్నాడు. బావగారు వెళ్ళి సోడా తొట్టి దగ్గర నిలబడ్డాడు.

పిన్ని ఎదురుచూసింది. ఒక రోజు పోయింది, రెండు రోజులు పోయాయి. మడతల బల్ల దగ్గర ఇంకా క్లిప్పులే. సాయం చెయ్యమంటే రోలరు అమ్మాయి పాపం ఖాళీ అయినప్పుడు వచ్చి రెండు మూలలు పట్టుకునేది, అంతలో రోలరు పిలిచేది. ఎదురుపడ్డప్పుడల్లా బాయిలరాయన, "సమావేశంలో మాట్లాడదాం పిన్నీ," అనేవాడు. పిన్నిగారు పిన్ని అయింది. అది ఆమెకు నచ్చింది. వాయిదా వెయ్యడమే నచ్చలేదు.

సమావేశం పని ముగిశాక, డ్రమ్ముల మధ్య ఖాళీలో జరిగింది. బట్టల బుట్టలు తిరగేసుకుని కూర్చున్నారు. బావగారి పాత కుర్చీలో ఎవరూ కూర్చోలేదు, తీసి పక్కన పెట్టనూ లేదు. అది అలాగే అందరి మధ్య ఖాళీగా ఉంది. వ్యాను అతను ఆస్పత్రికి వెళ్ళాడు, ఇంకా రాలేదు. బావగారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

సబ్బు సంగతి, బొగ్గు సంగతి అయ్యాక పిన్ని లేచింది. "మడతలమ్మను ఎప్పుడు పిలుస్తున్నాం?"

బాయిలరాయన కనుబొమలు లేని నుదురు రుద్దుకున్నాడు. "పిలుద్దాం. పిలవొద్దని కాదు. కానీ కొంచెం చూసుకుని పిలుద్దాం. హోటళ్ళలో దిగేవాళ్ళు సగానికి పడిపోయారు, వాళ్ళ బట్టలు రావడం లేదు. ఆస్పత్రి బట్టలకి రేటు ప్రభుత్వం పెట్టింది, పెంచమంటే పెంచరు. వచ్చేది ఒకటే ముద్ద, తినే నోళ్ళు పెరిగితే ఎలా?"

"మొట్టమొదటి పని అదే అన్నారు. మాటిచ్చారు."

"ఇచ్చాను. అప్పుడు లాండ్రీ నాది కాదు కదా పిన్నీ! మాటివ్వడం తేలిక. ఇప్పుడు పదకొండు ఇళ్ళ పొయ్యిలు నా నెత్తి మీద ఉన్నాయి."

"మడతల బల్ల దగ్గర గుట్టలు ఎవరి నెత్తి మీద ఉన్నాయి?"

"అందరం తలో చెయ్యి వేద్దాం," అన్నాడు ఎవరో వెనకనుంచి.

"ఏదీ, ఇన్ని రోజుల్లో ఎవరేశారు?"

రోలరు అమ్మాయి పిన్ని పక్షాన లేచింది. ఇంకొకతను దానికి అడ్డం తగిలాడు. ఆవిడకు ఎలాగూ వయసైపోయింది, ప్రభుత్వం ముసలివాళ్ళకి ఏదో ఇస్తానంటోందిగా, అన్నాడు. "ఇస్తానంటోంది! నువ్వు ఆ 'ఇస్తానంటోంది' తిని బతుకు చూద్దాం!" అని రోలరు అమ్మాయి అరిచింది. గొణుగుడాయన గొణుగుతున్నాడు, ఎటు గొణుగుతున్నాడో ఎవరికీ అంతుపట్టలేదు. మాటా మాటా పెరిగింది. ఏ గోడ దగ్గరైతే మొన్న అందరూ ఒక్కటిగా నిలబడ్డారో ఆ గోడ కిందే ఒకరి మీదికి ఒకరు వేళ్ళు చూపించుకున్నారు. ఆ రోజు గోడ దాకా నడిచింది దీనికోసమా?

"చేతులెత్తండి," అన్నాడు చివరికి బాయిలరాయన. "పిలవాలన్నవాళ్ళు."

పిన్ని ఎత్తింది. రోలరు అమ్మాయి ఎత్తింది. ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు ఎత్తారు. కాసేపు ఆగి, గొణుగుడాయన భుజం గోక్కుంటున్నట్టు చెయ్యి లేపి, అలాగే ఉంచేశాడు.

"వద్దన్నవాళ్ళు."

అటూ అంతే మంది. వద్దన్న చేతుల్లో బాయిలరాయనదీ ఉంది. ఎవరి ముఖంలోకీ చూడకుండా ఎత్తాడు.

"సమానం. అయితే వ్యాను అతను వచ్చాక..."

"ఇక్కడ ఇంకొకరున్నారు," అంది పిన్ని.

అందరూ అటు తిరిగారు. బావగారు గోడకి ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇన్ని రోజులూ ఆయన్ను సోడా తొట్టితో పాటు ఉన్న వస్తువులా చూడటం అలవాటైపోయింది. ఆయనకూ ఒక చెయ్యి ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు లేదు.

"ఆయనా!" అన్నాడు బాయిలరాయన. "తీసేసిందే ఆయన. ఆయన్నేం అడుగుతాం?"

పిన్ని బుట్టలు దాటుకుని వెళ్ళి బావగారి ఎదురుగా నిలబడింది. గోడ వైపు చూసి అడగొచ్చు, రోలరు అమ్మాయితో అడిగించొచ్చు. సూటిగా ఆయన కళ్ళలోకి చూసి అడిగింది.

"మీ చెయ్యి ఎటు బావగారూ?"

ఆయన తడబడ్డాడు. చూపు తప్పించుకోవడానికి చోటు కోసం వెతికాడు. బల్ల మీదికి చూశాడు, బుట్టల్లో మడవని గుట్టల మీదికి చూశాడు. తర్వాత ఆమె గడ్డం కింద ఎర్రగా కందిన చోటు మీద ఆయన చూపు ఆగింది.

"ఆవిడను తీసేసింది నేనే," అన్నాడు. అందరితో అన్నాడో, ఆమెతో అన్నాడో. "వచ్చేది ఒకటే, నోళ్ళు తగ్గించుకోవాలి అనే తీసేశాను. మీరిప్పుడు చెప్పిన లెక్కే. నాకు నోటికి వచ్చు." గొంతు సవరించుకున్నాడు. "తొట్టి దగ్గర్నుంచి రోజూ చూస్తూనే ఉన్నాను. ఒక్క మనిషి మడిచే పని కాదది."

చంకలోంచి కుడి చెయ్యి తీశాడు. పగిలిన అరచెయ్యి, అందులో తెల్లటి గీతలు. పైకెత్తి, దించడం మర్చిపోయినవాడిలా అలాగే పట్టుకున్నాడు.

పశ్చాత్తాపమా, బాయిలరాయన మీద కక్షా, లేక రోజంతా పేరుకుపోతున్న దుప్పట్లు చూడలేని పాత అలవాటా, పిన్నికి తెలియలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. బాయిలరాయన కాసేపు ఆ చెయ్యి వంక చూసి, "సరే," అన్నాడు. "సరే. పిలుద్దాం." ఆయన గొంతులో కోపం కన్నా సిగ్గే ఎక్కువ వినిపించింది.

ఇంకా వెలుతురు ఉండగానే పిన్ని బయల్దేరింది. మడతలమ్మ గది రెండు వీధుల అవతల, చెప్పులు కుట్టే కొట్టు పై అంతస్తులో. తలుపు తీసే ఉంది. మడతలమ్మ మంచం మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, కిటికీలోంచి వీధి చూస్తోంది. ఒక మోకాలికి గుడ్డ చుట్టి ఉంది.

"ఎవరూ? పిన్నీ! రా రా. ఏంటి ఆ గడ్డం కింద? ఎవరు కొట్టారు?"

"దుప్పటి కొట్టింది పెద్దమ్మా."

మడతలమ్మకు వెంటనే అర్థమైంది. నవ్వబోయి ఆపుకుంది. "ఒక్కతివే మడుస్తున్నావా? అలా కాదే, మోకాలు బల్లకు ఆనించి..." అంటూ చెయ్యి లేపి, మళ్ళీ దించేసుకుంది. "సర్లే. నాకెందుకు ఇప్పుడు."

"రేపట్నుంచి రమ్మంటున్నారు."

"ఎవరు? మీ బావగారా?"

"ఇప్పుడు ఆయనొక్కడిదే కాదుగా. అందరిదీ."

"వీధిలో అనుకుంటుంటే విన్నాలే. నువ్వు గోడ దాకా నడిచావట కదా." ఆమె పిన్నిని ఎగాదిగా చూసింది. "అయితే అందరూ కలిసి రమ్మంటున్నారా?"

పిన్ని మంచం అంచున కూర్చుంది. అవును అనేస్తే పోయేది. ముసలావిడ సంతోషంగా వచ్చేది. రేపు బల్ల దగ్గర నిలబడ్డాక, ఎవరో ఒకరు ముఖం చిట్లించాక, అప్పుడు తెలిసేది. "అందరూ కాదు," అంది. "సగం మంది. బాయిలరాయన వద్దన్నాడు. బావగారు చెయ్యెత్తితే ఒక్క చెయ్యి తేడాతో గట్టెక్కాం."

మడతలమ్మ మోకాలి గుడ్డ సవరించుకుంది. కింద కొట్లో సుత్తి చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. ఆమె ముఖం కిటికీ వైపు ఉంది. పిన్నికి నోరు జారానేమో, ఈ ముసలావిడ రాననేస్తుందేమో అని భయం వేసింది.

"బాయిలరువాడు వద్దన్నాడా!" అంది చివరికి మడతలమ్మ. "వాడి కనుబొమలు కాలినప్పుడు వెన్న రాసింది నేనేనే."

"అడుగుతావా రేపు?"

"అడక్క! రోజూ అడుగుతాను. చచ్చేదాకా అడుగుతాను." మంచం పట్టె పట్టుకుని లేవబోయింది. మోకాలు సహకరించలేదు. పిన్ని చెయ్యి అందించింది.

"వస్తావా అయితే?"

"ఆ చెప్పులిటు అందుకో, ఈ మెట్లు దిగగలనో లేదో ఇప్పుడే చూసుకుంటాను," అంది మడతలమ్మ, రెండో ప్రయత్నంలో నిలబడి. "నన్ను తీసేసినప్పుడు ఒక్కడే తీసేశాడే. ఇప్పుడు సగం మంది పిలుస్తున్నారంటే, ఏమంత తక్కువ?"